సెల్లారు చెమ్మ: గాలిలోని నీరు, గోడలోని నీరు

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరలోని ఒక ఇరుకు వీధిలో మా మేనమామకు బట్టల దుకాణం ఉంది. దుకాణం కింద 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న సెల్లారులో ఆయన శ్రీకాళహస్తి నుంచి తెచ్చిన కలంకారీ బట్టలను నిల్వ ఉంచుతారు. కరక్కాయ రసంలోనూ పాలలోనూ ముంచి తీసి, ఆపైన రంగులు దిద్దే ఆ నూలుబట్ట చెమ్మకు ఎంతమాత్రమూ ఓర్చుకోదు. మూడేళ్ళ కిందట అక్టోబరు నెలాఖరున మడతల అంచుల్లో నల్లటి బూజు చుక్కలు కనిపించగానే ఆయన ఒక డీహ్యూమిడిఫయర్, అంటే గాలిలోని తేమను నీరుగా మార్చి తొట్టిలోకి దించే యంత్రం, కొని సెల్లారు మధ్యలో పెట్టించారు. ఐదున్నర లీటర్లు పట్టే దాని తొట్టి పొద్దున షట్టరు ఎత్తేసరికి ఒకసారి, రాత్రి కట్టేసే వేళకు ఒకసారి నిండిపోయేది. నెల గడిచాక నేను వెళ్ళినప్పుడు, "దినామూ రెండు తొట్లు పారబోస్తా ఉండానబ్బా, వాసన మాత్రం పోలా" అన్నారు. మెట్లు దిగుతూ ఉండగానే, చాన్నాళ్ళు మూసి ఉంచిన బియ్యపు మూట విప్పితే వచ్చే ముక్క వాసన నాకూ తగిలింది.

యంత్రంలో లోపమేమీ లేదు. రోజుకు 11 లీటర్ల నీటిని గాలి నుంచి పిండి తీస్తున్న యంత్రాన్ని తప్పుపట్టడానికి వీల్లేదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఆ గదిలోని గాలిలో నిజానికి అంత నీరు ఉందా? లేకపోతే ఆ నీరంతా ఎక్కడి నుంచి వస్తోంది?

లెక్క వేసి చూడవచ్చు. 28 డిగ్రీల వేడి దగ్గర ఒక ఘనమీటరు గాలి గరిష్ఠంగా 27 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. గాలిలో తేమ 85 శాతం అంటే ఆ 27లో 23 గ్రాములు ఉన్నాయని అర్థం. దాన్ని బట్టలకు క్షేమకరమైన 55 శాతానికి దించాలంటే ఘనమీటరుకు సుమారు 8 గ్రాములు తీసేస్తే చాలు. మామ సెల్లారు 3,000 ఘనపుటడుగులు, అంటే 85 ఘనమీటర్లు. మొత్తం మీద తీయవలసిన నీరు 700 గ్రాములు దాటదు. ఒక చెంబు నీళ్ళు! మొదటి పూటతోనే ఆ పని అయిపోవాలి. నెల రోజుల పాటు రోజుకు 11 లీటర్లు తీసినా తేమ తగ్గలేదంటే, తీసినంతా ఎప్పటికప్పుడు తిరిగి వచ్చి చేరుతోందన్నమాట. డీహ్యూమిడిఫయర్ గురించి తెలుసుకోవలసిన అసలు విషయం ఇదేనని నా నమ్మకం. అది చెమ్మను తోడుతుందే గాని చెమ్మ వచ్చే దారిని మూయలేదు. దారి తెలియకుండా యంత్రం కొన్నవారు కరెంటు బిల్లు కడుతూ భూమిలోని నీటిని తోడుతూ ఉంటారు.

ఇక్కడ మాటల విషయంలో ఒక చిన్న చిక్కు ఉంది. మన మేస్త్రీలు బేస్‌మట్టం అన్నప్పుడు వారి ఉద్దేశం నేల కింది గది కాదు. పునాది మీద గోడ కట్టి, లోపల మట్టి, గరుసు నింపి, గచ్చు వేసేందుకు సిద్ధం చేసే ఎత్తును వారు అలా అంటారు. నేల కింద తవ్వి కట్టిన గదికి మన దగ్గర సెల్లారు అనే పేరే స్థిరపడింది. అమెరికా వంటి చోట్ల మూడో రకం ఒకటి కూడా ఉంది. అక్కడి చాలా ఇళ్ళకు చెక్క గచ్చు ఉంటుంది. దానికీ నేలకూ మధ్య మనిషి పాకుతూ వెళ్ళగలిగేంత ఖాళీ వదులుతారు. ఆ ఖాళీకి గాలి తగిలితే ఆరిపోతుందని చాలా కాలం చుట్టూ కిటికీల వంటి కంతలు పెట్టేవారు. వేసవిలో బయటి ఉక్క గాలి ఆ కంతల గుండా చొరబడి, చల్లటి నేలకూ దూలాలకూ తగిలి నీరుగా మారుతోందని గ్రహించాక, కంతలు మూసి, నేలంతా మందపాటి పాలిథిన్ పరిచి, లోపల చిన్న డీహ్యూమిడిఫయర్ నడిపే పద్ధతి అక్కడ పెరిగింది. మన ఇళ్ళలో ఆ ఖాళీ మట్టితో నిండి ఉంటుంది కాబట్టి ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చుకోవడానికి అవకాశమే లేదు. కానీ గాలి తగిలితే ఆరుతుందనే నమ్మకం మాత్రం మనకూ ఉంది. అది ఎప్పుడు నిజం, ఎప్పుడు కాదు అన్నది మనకు అమెరికా వారికంటే వేరుగా ఉంటుంది.

చలి దేశాల్లో లోతున ఉండే నేల ఏడాది పొడవునా చల్లగా, 10 నుంచి 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. వేసవి గాలి ఆ గోడకు తగిలిందంటే, చల్లటి మజ్జిగ గ్లాసు పైన చెమట పట్టినట్టు గోడకు నీరు పడుతుంది. గాలి ఎంత చల్లబడితే అందులోని ఆవిరి నీటిబొట్లుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రతను తుషార స్థానం అంటారు. తిరుపతిలో లోతు నేల ఉష్ణోగ్రత ఏడాది సగటు వేడికి దగ్గరగా, అంటే 27, 28 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. నవంబరు ముసురులో బయటి గాలి 25 డిగ్రీల వేడితో, 90 శాతం తేమతో ఉన్నా దాని తుషార స్థానం 23 డిగ్రీలే. 27 డిగ్రీలున్న గోడ మీద ఆ గాలి చెమట పట్టించలేదు. కాబట్టి ఏసీ లేని తిరుపతి సెల్లారులో గోడ తడిసి ఉందంటే, ఆ తడి గాలి నుంచి వచ్చిందని అనుకోవడానికి ఆధారం చాలా తక్కువ. ఎక్కువ పాళ్ళు అది గోడ వెనక నుంచి వచ్చిందే. పలమనేరు, కుప్పం వైపు పీఠభూమి మీద నేల కాస్త చల్లగా ఉంటుంది గనుక అక్కడ గోడ చెమర్చే అవకాశం కొంత ఎక్కువ. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా భాగం చలి దేశాల నుంచి వచ్చినవి కావడం వల్ల ఈ తేడాను ముందుగా గుర్తించకపోతే మందు ఒకటి, జబ్బు ఒకటి అవుతుంది.

గోడ వెనక నీరు ఎందుకు చేరుతుందో తెలియాలంటే ఊరి నేలను చూడాలి. తిరుపతి శేషాచలం పాదాల దగ్గర ఉన్న ఊరు. కొండ మీద కురిసిన వాన ఎంత వేగంగా దిగివస్తుందో వానాకాలంలో కపిలతీర్థం జలపాతం ముందు నిలబడిన వారందరికీ తెలుసు. ఊరి కింద చాలాచోట్ల పై మట్టి, దాని కింద గరుసు, ఆ కింద గట్టి రాయి ఉంటాయి. రాతిలోకి నీరు పగుళ్ళ గుండా తప్ప ఇంకదు కాబట్టి, దాని నెత్తిన ఉన్న గరుసులో నిలిచి, పల్లం వైపు మెల్లగా సాగుతుంది. సెల్లారు కోసం అటువంటి నేలలో గొయ్యి తవ్వి, గోడ కట్టి, గోడకూ గొయ్యికీ మధ్య మిగిలిన సందును వదులు మట్టితో పూడుస్తారు. చుట్టూ ఉన్న నేల గట్టిది, పూడ్చిన మట్టి వదులుది. వాన పడినప్పుడు నీరు సులువైన ఆ సందులోకే దిగుతుంది. కట్టడం చుట్టూ మనకు కనపడని ఒక కందకం నిండుతుంది. అందులో రెండు మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే గోడ అడుగున ప్రతి చదరపు మీటరు మీద దాదాపు రెండు టన్నుల ఒత్తిడి పడుతుంది. సన్నటి వెంట్రుకవాసి పగులున్నా ఆ ఒత్తిడికి ఊట మొదలవుతుంది. లోపలి వైపు ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ రంగు వేసినా, వెనక నుంచి తోసే నీరు దాన్ని బొబ్బలెక్కించి ఊడదీస్తుంది. నీటిని అడ్డుకునే పూత గోడ బయటి ముఖానికి ఉంటే నీటి ఒత్తిడే దాన్ని గోడకు అదిమి పెడుతుంది, లోపలి ముఖానికి ఉంటే అదే ఒత్తిడి దాన్ని గెంటేస్తుంది. కట్టే రోజుల్లో బయటి పూతకు వెనకాడిన యజమాని తరవాత లోపలి పూతలకు అంతకు ఎన్ని రెట్లు పెడతాడో చూస్తుంటే మనసుకు కష్టంగా ఉంటుంది.

ఒత్తిడి లేకపోయినా నీరు ఎక్కుతుంది. దీపం వత్తి నూనెను పీల్చినట్టు ఇటుక, సున్నం, సిమెంటు తమ సన్నటి రంధ్రాల గుండా తడిని పైకి లాగుతాయి. మామూలుగా అది గచ్చు నుంచి ఒక మీటరు ఎత్తు వరకు చేరుతుంది. గోడ అడుగున సున్నం పొడిలా రాలడం, తెల్లటి ఉప్పు పొర తేలడం దీని గుర్తులు. ఈ రకం చెమ్మ విషయంలో డీహ్యూమిడిఫయర్ వల్ల ఒక హాని కూడా ఉందని చాలామందికి తెలియదు. గది గాలి పొడిగా ఉంటే గోడ ముఖం నుంచి నీరు త్వరగా ఆవిరవుతుంది; దాంతో వత్తి ఇంకా జోరుగా పీలుస్తుంది. నీటితో పాటు వచ్చిన లవణాలు ఆవిరి కాలేక గోడ పైపొరలోనే గడ్డకట్టి, పెరిగి, పూతను పగలగొడతాయి. యంత్రం పెట్టిన కొన్ని నెలలకు గోడ మరింతగా రాలడం మొదలైందంటే దానికి కారణం ఇదే.

కొత్తగా కట్టిన సెల్లారులది మరో సంగతి. ఘనమీటరు కాంక్రీటు కలపడానికి సుమారు 180 లీటర్ల నీరు పోస్తారు. అందులో దాదాపు సగం సిమెంటుతో కలిసిపోతుంది. మిగిలినది నెలల తరబడి ఆవిరవుతూ గదిలోకి వస్తుంది. ఈ నీటికి అంతు ఉంది కాబట్టి మొదటి ఏడాది యంత్రం నడపడం పూర్తిగా సబబు.

ఏ నీరు ఎటు నుంచి వస్తోందో తేల్చడానికి మామ సెల్లారులో మేము చేసిన పరీక్షకు అయిన ఖర్చు ఒక టేపు, ఒక పాలిథిన్ కవరు. యంత్రాన్ని ఆపేసి, 18 అంగుళాల చదరంగా పాలిథిన్ ముక్కలు కత్తిరించి, నాలుగు గోడల మీదా గచ్చు మీదా నాలుగంచులూ గాలి దూరకుండా టేపుతో అతికించాము. కనీసం 16 గంటలు ఆగాలి. మేము రెండు రోజులు ఆగాము. మూడో రోజు పొద్దున టార్చి వెలుగులో చూస్తే మూడు గోడల మీది ముక్కలు పొడిగానే ఉన్నాయి. నాలుగో గోడ, అంటే వెనక సందు వైపు గోడ మీది ముక్క మాత్రం తెల్లగా మసకబారి కనిపించింది. వేలితో దాని పై ముఖం రాస్తే తడి లేదు. అంచు ఎత్తి లోపలి ముఖం చూస్తే ఆవాలంత బొట్లు వరసగా అంటుకుని ఉన్నాయి, ఎత్తగానే కిందికి జారాయి. పాలిథిన్‌కు గది వైపు తడి ఉంటే అది గాలి చెమ్మ. గోడ వైపు తడి ఉంటే అది గోడ చెమ్మ. ఇంతకు మించిన పరికరం మాకు అవసరం కాలేదు.

ఆ గోడ అవతలికి వెళ్ళి చూశాము. మేడ మీది వాన నీరు దిగే గొట్టం సందులోకి వచ్చి, గోడ మొదట్లోనే, నేలకు జానెడు ఎత్తున ఆగిపోయి ఉంది. దాని కింద ఏళ్ళ తరబడి నీరు పడి పడి ఒక గుంట తయారైంది. 600 చదరపు అడుగుల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే, అంటే తిరుపతిలో ఒక మోస్తరు ముసురు రోజున, ఆ ఒక్క గొట్టం నుంచి దాదాపు 2,800 లీటర్లు ఆ గుంటలోకి దిగుతాయి. మామ లోపల రెండు తొట్లు పారబోస్తుంటే గొట్టం బయట టాంకరులో సగానికి పైగా పోస్తోంది. గొట్టాన్ని పొడిగించి వీధి కాలువలోకి మళ్ళించి, గుంట పూడ్చి, గోడ వెంట మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా సిమెంటు గచ్చు వేయించారు. మేస్త్రీ, ఒక కూలీ రెండు రోజుల్లో ముగించారు. అప్పటికే తడిసిన మట్టి ఆరడానికి వారాలు పట్టింది గాని, జనవరి నాటికి గోడ వైపు పాలిథిన్ పొడిగా వచ్చింది.

అయితే 11 లీటర్లకూ ఆ గోడ ఒక్కటే కారణం కాదని కూడా చెప్పాలి. సెల్లారు షట్టరు కింద రెండు అంగుళాల సందు ఉండేది. పైగా గాలి ఆడాలని మెట్ల దగ్గర వెంటిలేటరును తెరిచి ఉంచేవారు. నవంబరులో 25 డిగ్రీల, 90 శాతం తేమ ఉన్న బయటి గాలిలో ఘనమీటరుకు 20 గ్రాముల పైచిలుకు ఆవిరి ఉంటుంది. లోపల మనం 15 గ్రాముల దగ్గర నిలపాలని చూస్తుంటే, వచ్చే ప్రతి ఘనమీటరూ ఐదారు గ్రాములు మోసుకొస్తుంది. గది గాలి గంటకొకసారి మారుతోందనుకుంటే రోజుకు 11 లీటర్ల పైనే అవుతుంది. యంత్రం నడిచేటప్పుడు తలుపులు మూసి ఉండాలన్న మాట అందుకే. ఏసీ వేసి కిటికీ తెరిచిపెట్టే వారెవరూ లేరు కదా, ఇదీ అంతే. షట్టరు కింద రబ్బరు పట్టీ, వెంటిలేటరుకు బిగుతైన తలుపు పెట్టాక తొట్టి నిండడం మరింత తగ్గింది. వాహనాలు నిలిపే అపార్టుమెంటు సెల్లార్లలో డీహ్యూమిడిఫయర్ ఎందుకూ కొరగాకపోవడానికీ కారణం ఇదే. ర్యాంపు వైపు పూర్తిగా తెరిచి ఉన్న చోట ఊరి గాలినంతా ఆరబెట్టబోయినట్టే. పైగా అక్కడ బండ్ల పొగ బయటికి పోవాలి కాబట్టి మూయనూ కూడదు.

మరి గాలి ఆడించడం ఎప్పుడూ తప్పేనా? కాదు. మన ప్రాంతానికి ఇందులో ఒక వరం ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో తేమ 25 శాతం ఉంటే, ఆ గాలిలో ఘనమీటరుకు ఉన్న ఆవిరి 13 గ్రాములే. 30 డిగ్రీలున్న సెల్లారులోకి అది దిగి చల్లబడితే తేమ 42 శాతం అవుతుంది. ఖర్చు లేని డీహ్యూమిడిఫయర్ అది. అదే మే నెలలో తెల్లవారుజామున 28 డిగ్రీల వద్ద 70 శాతం తేమతో ఉన్న గాలిని లోపలికి వదిలితే 63 శాతం దగ్గర ఆగుతుంది. చల్లటి పొద్దుట తలుపులు తీసి, ఎండ ఎక్కాక మూయడం మనకు తరాల అలవాటు. ఇంటి చల్లదనానికి అది సరైన అలవాటే గాని, సెల్లారు ఆరడానికి మాత్రం ఎర్రటి ఎండలోనే తెరవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాల కాలంలో, ఏ పూట తెరిచినా ప్రయోజనం లేదు. ఆ ముసురు గాలి 27 డిగ్రీల సెల్లారులోకి వస్తే తేమ 80 శాతం దగ్గరికి చేరుతుంది. బయట జోరుగా గాలి వీస్తోందన్న సంతోషంతో తెరిచినవారు బూజుకు తలుపు తీసినట్టే. తిరుపతి సెల్లారుకు డీహ్యూమిడిఫయర్ అవసరం ప్రధానంగా ఈ మూడు నెలలది, దానికి ముందు వెనకల కొన్ని వారాలది.

ఏసీ ఉన్న సెల్లార్ల లెక్క మారిపోతుంది. స్కానింగ్ కేంద్రాలు, మందుల గోడౌన్లు, ఆఫీసు రికార్డు గదులు ఇటీవల సెల్లార్లలోకి దిగుతున్నాయి. ఏసీ 22 డిగ్రీలకు చల్లబరిచిన గోడ ఇప్పుడు వానాకాలపు తుషార స్థానానికి కిందికి వచ్చేసింది. తలుపు తెరిచినప్పుడల్లా చొరబడే గాలి ఆ గోడకు, పైకప్పుకు, ఏసీ గొట్టాలకు తగిలి బొట్లు కడుతుంది. ఏసీ కూడా నీటిని తీస్తుంది గాని, గది కావలసినంత చల్లబడగానే కంప్రెసరు ఆగిపోతుంది, తేమ మాత్రం ఎక్కువగానే మిగిలిపోతుంది. ఇలాంటి చోట చలిని కాస్త తగ్గించి 26 డిగ్రీల దగ్గర ఉంచి, తేమ పనిని విడిగా డీహ్యూమిడిఫయర్‌కు అప్పగించడమే మేలు.

యంత్రం పనితీరు పెద్ద రహస్యమేమీ కాదు. లోపల చల్లటి తీగచుట్టల మీదుగా గాలి వెళ్ళి నీటిని వదులుతుంది. వెంటనే వేడి తీగచుట్టల మీదుగా దాటి గదిలోకి తిరిగి వస్తుంది. ఏసీ వేడిని బయటికి పంపుతుంది, ఇది గదిలోనే వదిలేస్తుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు, కరెంటు లెక్కలో చెబితే, లీటరుకు 0.68 యూనిట్ల వేడి విడుదలవుతుంది. రోజుకు 10 లీటర్లు తీస్తే అదొక ఏడు యూనిట్లు, యంత్రం తాగే కరెంటు మరో ఐదు యూనిట్లు అనుకుంటే, 500 వాట్ల హీటరు రాత్రింబవళ్ళు వెలుగుతున్నట్టే. గది రెండు మూడు డిగ్రీలు వేడెక్కడం అందువల్ల సహజం. మామ మొదట్లో దీన్ని చూసి యంత్రం చెడిందని కంగారుపడ్డారు. చలి గదుల కోసం చేసే ఇంకో రకం ఉంది. అందులో తేమను పీల్చే పదార్థం పూసిన చక్రం తిరుగుతూ ఉంటుంది, దాన్ని ఆరబెట్టడానికి వేడి కావాలి కాబట్టి కరెంటు ఎక్కువ తాగుతుంది. తీగచుట్టలకు మంచు పట్టేంత చలి మనకు లేదు గనుక సాధారణ సెల్లారుకు కంప్రెసరు రకమే సరిపోతుంది.

పెట్టె మీద రాసిన లీటర్ల విషయంలో జాగ్రత్త అవసరం. మన మార్కెట్లో దొరికే చాలా యంత్రాల మీద ఆ అంకె 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ దగ్గర కొలిచినది. అమెరికా ప్రభుత్వ పరీక్ష పద్ధతిలో అది 18 డిగ్రీల చిల్లర, 60 శాతం దగ్గర కొలుస్తారు. ఒకే యంత్రానికి రెండు చోట్లా రెండు అంకెలు వస్తాయి. మన వానాకాలపు మొదటి రోజుల్లో యంత్రం పెట్టె మీది అంకెకు దగ్గరగానే పనిచేస్తుంది; తేమ 60 శాతానికి దిగేసరికి అది తీయగలిగే నీరు దాదాపు సగానికి పడిపోతుంది. 20 లీటర్లని రాసినదాన్ని 10 లీటర్లదిగా ఎంచి కొనడం మంచిది. బరువైన యంత్రాన్ని మెట్ల మీదుగా దించాలన్న సంగతి కూడా అప్పుడే గుర్తు చేసుకోవాలి.

ముసలివారు బీరువాల్లో సున్నపురాయి పొట్లాలు పెట్టేవారు కదా, అది చాలదా అని అడిగేవారున్నారు. కాల్చిన సున్నం తన బరువులో మూడో వంతు నీటిని పట్టుకుంటుంది. రోజుకు 10 లీటర్లు పీల్చాలంటే రోజూ 30 కిలోల సున్నం కావాలి. దుకాణాల్లో దొరికే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు ఒక్కొక్కటి అర లీటరు చొప్పున పట్టి నిండిపోతాయి. బీరువాకు, పెట్టెకు ఇవి చక్కగా సరిపోతాయి, సెల్లారుకు సరిపోవు.

తేమను కొలిచే చిన్న డిజిటల్ మీటరు లేకుండా యంత్రాన్ని నడపవద్దని గట్టిగా చెబుతాను. యంత్రం చూపించే అంకె దాని చుట్టూ ఉన్న గాలిది. బట్టల బేళ్ళ వెనక మూలలో అది పది శాతం ఎక్కువ ఉండవచ్చు, బూజు పుట్టేది ఆ మూలలోనే. మీటరు సరైనదో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దగా తడిసేంత నీరు చిలకరించి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచితే లోపల తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. మామ మీటరు 71 చూపించింది. నాలుగు కలుపుకుని చదవాలని దాని వెనక కాగితం అంటించాము. బూజుకు 70 శాతం దాటిన తేమ రోజుల తరబడి కావాలి. 60 లోపు ఉంచితే చాలినంత భద్రత. 45కు దించాలని పట్టుపట్టడం కరెంటు దండగ, గోడకు ఉప్పు బాధ.

పారే నీటి సంగతి సెల్లారులో ఒక ప్రత్యేక సమస్య. పై అంతస్తులో అయితే యంత్రానికి గొట్టం తగిలించి స్నానాల గది జాలారిలోకి వదిలితే నీరు దానంతటదే పోతుంది. సెల్లారులో కాలువ మన నెత్తి మీద ఉంటుంది. సంపు ఉంటే అందులోకి వదలాలి, లేకపోతే నీటిని పైకి నెట్టే చిన్న పంపు అమర్చాలి. రెండూ లేనివారు తొట్టి మీదే ఆధారపడతారు. దుకాణం మూసిన పండగ రోజుల్లో తొట్టి నిండి యంత్రం ఆగి, మూడు రోజుల ముసురులో పడ్డ పాట్లన్నీ వృథా అవుతాయి. ఇంకొకటి, కరెంటు పోయి వచ్చాక యంత్రం తనంతట తాను మళ్ళీ మొదలవుతుందో లేదో కొనే ముందే అడిగి తెలుసుకోవాలి. కొన్ని రకాలు మీట నొక్కేదాకా ఊరికే ఉంటాయి. గాలివానకు కరెంటు పోయే రోజులే యంత్రం అవసరం ఎక్కువగా ఉండే రోజులు. యంత్రాన్ని గోడకు అడుగు దూరంలో పెట్టడం, రెండు వారాలకొకసారి దాని జల్లెడ కడగడం, బేళ్ళను గచ్చు మీద కాక చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చడం కూడా మరవకూడదు.

వరద నీరు సెల్లారులోకి దిగినప్పుడు ఈ లెక్కలేవీ పనిచేయవు. 2021 నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతి వీధులు ఏరులై పారిన రోజులను ఊరి వారెవరూ మరిచిపోలేరు. అటువంటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేశారని రూఢి చేసుకోకుండా సెల్లారు నీటిలో కాలు పెట్టకూడదు. చాలా భవనాల్లో మీటరు బోర్డులు, జనరేటర్లు అక్కడే ఉంటాయి. నీటిని తోడే తొందరలోనూ ప్రమాదం ఉంది. చుట్టూ నేల నిండుగా తడిసి ఉండగా లోపలి నీటిని ఒక్కసారిగా తోడేస్తే, అప్పటిదాకా రెండు వైపులా సరితూగిన ఒత్తిడి ఒక వైపే మిగిలి గోడ లోపలికి ఒరిగిపోవచ్చు. కొంత తోడి, ఆగి, బయటి నీరు తగ్గే కొద్దీ మళ్ళీ తోడాలి. బురద కడిగి, తడిసిన సామాను బయటికి చేర్చి, బయటి నేల నీరు దిగిపోయాకే డీహ్యూమిడిఫయర్ వంతు వస్తుంది. తడిసిన బట్టకూ కాగితానికీ ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది కాబట్టి వాటిని ముందుగా పైకి చేర్చాలి, గోడలు ఆగుతాయి.

మామ ఇప్పుడు గల్లా పెట్టె పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకున్నారు. రోజూ సాయంత్రం మీటరు అంకె ఒక గడిలో, పారబోసిన లీటర్లు ఇంకో గడిలో, వాన పడితే పక్కన ఒక చుక్క. మొదటి ఏడాది నవంబరు పేజీల్లో లీటర్ల గడి నిండా పదులు, పదకొండులు. పోయిన ఏడాది అదే నెలలో చుక్కలు అన్నే ఉన్నాయి గాని అంకెలు రెండు, మూడు దాటలేదు. తేమ 58 దగ్గర నిలిచింది. వెనక గోడ అడుగున జానెడు మేర పూత మాత్రం ఇంకా ఉప్పు రాలుస్తూనే ఉంది. పాత పూతంతా చెక్కేసి, ఇటుకను మే నెల ఎండగాలికి నెల రోజులు ఆరబెట్టి, ఆ తరవాతే కొత్త పూత వేయాలని మేస్త్రీ అన్నాడు. మామ సరేనన్నారు. ఆ గోడ వైపు బేళ్ళు ఇప్పటికే ఎదురు గోడకు మారాయి.